బొట్టు ముందా, మందు ముందా? సిరొంచలో పదో తరగతికి ప్రకృతి ఎంపిక చెప్పిన కేస్ స్టడీ

మా బడి సిరొంచ తాలూకాలో ఉంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస. పడమటికి ప్రాణహిత దాటినా, దక్షిణానికి గోదావరి వంతెన దాటినా తెలంగాణే. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కొందరు గోండి, మాడియా. చదువు మాత్రం మరాఠీ మీడియం. ఇక్కడ తొమ్మిది, పది తరగతులకు పన్నెండేళ్ళుగా సైన్సు చెబుతున్నాను.

పోయినేడు పదిలో 34 మంది. సైన్సు రెండో పుస్తకంలో మొదటి పాఠమే అనువంశికత, ఉత్క్రాంతి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2023లో పదో తరగతి పుస్తకంలోంచి పరిణామ సిద్ధాంతం తీసేశారని పేపర్లలో గొడవ జరిగింది కదా, మా రాష్ట్ర బోర్డు పుస్తకంలో మాత్రం అది ఉంది. లామార్క్ జిరాఫీ, కమ్మరి భుజాలు, డార్విన్, అవశేష అవయవాలు అన్నీ ఉన్నాయి. ఏటా పిల్లలు లామార్క్‌కూ డార్విన్‌కూ తేడాలు బట్టీ పట్టి రాసేవారు, మార్కులు వచ్చేవి, నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ పరీక్ష హాలు దాటాక వాళ్ళ మాటల్లో వినిపించేది అంతా లామార్కే, అంటే బతికుండగా ఒంటికి వచ్చిన మార్పు పిల్లలకూ పోతుందన్న మాటే. ఈసారి దాని సంగతి చూద్దామనుకున్నాను.

ముందు మాటల దగ్గరే తట్టుకున్నాను. బోర్డు మీద 'ఉత్క్రాంతి' అని రాయగానే వెనక బెంచీ నుంచి ఒకడు "సంక్రాంతికి తమ్ముడా సార్" అన్నాడు. అందరం నవ్వాం. సరే, తెలుగులో చెబుదామని 'పరిణామం' అన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటు. మరాఠీలో పరిణామ్ అంటే ఫలితం, ప్రభావం. "దేని పరిణామం సార్?" అని ముందు వరస అమ్మాయి అడిగింది, నిజంగానే అడిగింది. ఇక ప్రకృతి ఎంపికకు పుస్తకంలో ఉన్న 'నైసర్గిక నివడ' అంటే, నివడణూక అంటే ఎన్నికలు కదా, "ఎవరు ఎంచుతరు సార్?" అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. తెలుగు 'ఎంపిక' అన్నా అంతే, ఎంచేవాడు ఒకడు ఉన్నట్టే వినపడుతుంది. చివరికి ఇంట్లో పిండి జల్లెడ పేరు చెప్పాను. జల్లెడ ఎవరినీ ఎంచదు, కన్నం ఎంతుందో అంతే. పరీక్షకు పుస్తకం మాట, క్లాసులో జల్లెడ మాట అని ఒప్పందం చేసుకున్నాం.

పాఠం మొదలుపెట్టక ముందే ఒక ప్రశ్న ఇచ్చి, ఏ భాషలోనైనా రాయమన్నాను: బీటీ పత్తిలో గులాబీ పురుగు మొదట్లో పడేది కాదు, ఇప్పుడు పడుతోంది, ఎందుకు? ఇరవై ఏడుగురు ఒకే జవాబు రాశారు. ఎక్కువమంది మరాఠీ లిపిలో రాసిన తెలుగు అది: "పురుగు మందుకు అలవాటు పడ్డది." నలుగురు విత్తనం నకిలీది అన్నారు. అది తప్పని కొట్టెయ్యలేం, మా వైపు నకిలీ విత్తనాల బెడద ఉంది. ఇద్దరు ఏమీ రాయలేదు. ఒక్కడు మాత్రం "కొన్ని పురుగులకు ముందుగాలనే ఏదో ఉంటది" అని రాసి, దాన్ని మళ్ళీ కొట్టేశాడు.

అలవాటు పడటం. ఈ మాట మీద నాకు కోపం లేదు. కొత్త కోడలు అత్తింటికి అలవాటు పడుతుంది, కాలు కొత్త చెప్పుకు అలవాటు పడుతుంది. మనిషి తన ఒక్క జన్మలో మారడాన్ని ఆ మాట బాగా పట్టుకుంటుంది. చిక్కంతా దాన్ని తరాల మీదికి సాగదీసినప్పుడే. గులాబీ పురుగుకు గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా నెల, నెలన్నర పడుతుంది. బీటీ కాయలోకి తొలుచుకుపోయిన పిల్లపురుగు అయితే కొద్ది రోజుల్లో చస్తుంది, లేదా బతుకుతుంది. అలవాటు పడేంత తీరిక దానికెక్కడిది? పిల్లల తండ్రులూ, వ్యవసాయ శాఖ వాళ్ళూ, ఎరువుల దుకాణం సేఠూ, పేపర్లూ అందరూ ఆ మాటే అంటారు. నేనూ ఇంట్లో దోమల కాయిల్ గురించి అదే అంటాను.

అందుకని జిరాఫీని పక్కన పెట్టాను. జిరాఫీని మా పిల్లలు చూడలేదు, నేనూ చూడలేదు. పత్తి చేను మాత్రం బడి గోడ అవతలే ఉంది. పాఠాన్ని జూలై నుంచి అక్టోబరుకు జరిపాను. హెడ్‌మాస్టరు కొంచెం గునిశారు, యూనిట్ టెస్టు పోర్షన్ కదా మరి. అయితే పూత వచ్చి, కాయ గట్టిపడే వేళకు కదా పురుగు కనిపించేది. ఒక బుధవారం పిల్లల్ని చేనులోకి తీసుకెళ్ళాను. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుని గులాబీ మొగ్గలా ఉన్న పువ్వులు, మనవాళ్ళు గుడ్డి పూలు అనేవి, ఏరించాను. ఒకటి విప్పితే లోపల చిన్న పురుగు. లింగాకర్షక బుట్టలో పడ్డ రెక్కల పురుగుల్ని లెక్కపెట్టించాను. చేను మా క్లాసు అబ్బాయి వాళ్ళదే. వాళ్ళ బాపు గట్టు మీద నిలబడి, "పైసలు పెట్టి కొన్న ఇత్తునం సార్, అలవాటు పడ్డది దానికి" అన్నాడు. మళ్ళీ అదే మాట.

క్లాసుకు వచ్చాక కథ చెప్పాను. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టి, మొక్కే పురుగును చంపే ప్రోటీన్ తయారు చేసుకునేలా చేశారు. మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో అలాంటి ప్రోటీన్లు రెండు ఉన్న రకం వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకాన్ని తట్టుకుంటోందని విత్తనం తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. కొన్నేళ్ళకు రెండో రకం కూడా లొంగలేదు. 2017లో విదర్భ పత్తిని ఆ పురుగు ఊడ్చేసిన సంగతి వీళ్ళ ఇళ్ళల్లో అందరికీ గుర్తే.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. శనగ పచ్చపురుగు కూడా అదే బీటీ పత్తి తింది. దానికి తట్టుకునే గుణం ఇంతగా రాలేదు, గులాబీ పురుగే ఎందుకు గెలిచింది? పచ్చపురుగు శనగ తింటుంది, కంది తింటుంది, టమాటా తింటుంది, మిరప తింటుంది. మందు లేని చేలల్లో దాని చుట్టాలు బోలెడన్ని బతికే ఉంటాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు. ఊరంతా బీటీ పత్తే అయితే ఆ జల్లెడ తప్పించుకునే దారి దానికి లేదు. పిల్లలు ఈ మాట వినగానే మిరప చేల గురించి అడగడం మొదలుపెట్టారు. అరగంట అటే పోయింది, పోనిచ్చాను.

ఆట సంగతికి వస్తాను. ఇళ్ళల్లో చింతపండు కొట్టినప్పుడు మిగిలిన గింజలు తెమ్మన్నాను. ఒక పెద్ద చాట, ఒక గుడ్డ సంచి, కొంచెం తడిసున్నం తెచ్చుకున్నాం. వంద గింజలు లెక్కపెట్టి చాటలో పోశాం, అదే పత్తి చేను. వందలో నాలుగింటికి సున్నంతో బొట్టు పెట్టాం. మందు పడినప్పుడు బొట్టు లేని గింజల్ని నాలుగేసి కుప్పలు పెట్టి, కుప్పకు మూడు చొప్పున తీసెయ్యాలి. బొట్టు ఉన్నవి అన్నీ బతుకుతాయి. బతికిన ప్రతి గింజకూ దాని రకానివే మూడు పిల్లలు. అంతా సంచిలో పోసి కలిపి, కళ్ళు మూసుకుని వంద తీసి చాటలో పెట్టాలి, ఎందుకంటే చేనులో వందకే తిండి. మిగతావి ఆకలికి పోతాయి.

లెక్క ఒక అమ్మాయి బోర్డు మీద రాసింది. మొదట బొట్టువి 4. ఒక్క తరానికి 14. తరవాత 40. ఆ తరవాత 73. నాలుగో తరానికి తొంభై దాటుతుందని కాగితం మీద ముందే వేసుకుని వచ్చాను, కానీ అక్కడిదాకా పోలేదు. సంచిలో గింజలు ఒకదానికొకటి రాసుకుని సున్నం రాలిపోసాగింది. మూడో తరం లెక్కపెడుతుండగా ఒకడు ఒక గింజ ఎత్తి చూపించి, "సార్, దీని బొట్టు పోయింది, ఇది మందును మరిచిపోయింది" అని అరిచాడు. క్లాసంతా గోల. కొందరు రాలిన గింజలకు మళ్ళీ బొట్లు పెట్టడం మొదలెట్టారు. ఆట అక్కడితో ఆగింది.

అయినా కావలసిన ప్రశ్న దొరికింది. మళ్ళీ బొట్టు పెడుతున్న అబ్బాయిని ఆపి, "ఈ బొట్టు ఎప్పుడు పెట్టినం రా?" అని అడిగాను. "మొదట్ల సార్." "మందు కొట్టినంక ఏ గింజకన్న కొత్తగ బొట్టు వచ్చిందా?" వాడు చాటలోకి చూశాడు. లేదు. "మరి ఏ గింజ అలవాటు పడ్డది?" చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత, మొదటి రోజు జవాబు రాసి కొట్టేసిన ఆ అబ్బాయే అన్నాడు: "ఏదీ పడలే సార్. బొట్టు లేనియి సచ్చినయి. బొట్టున్నయి ఎక్కువైనయి." ఏ గింజా మారలేదు, చాటలో లెక్క మారింది. ఆ రోజు నోటు పుస్తకంలో వాడి మాటే యథాతథంగా రాయించాను. మరాఠీలోకి మార్చమని మర్నాడు చెప్పాను.

ఇదంతా చెప్పాక విత్తనం సంచితో వచ్చే చిన్న ప్యాకెట్ గురించి చెప్పడం సులువైంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ ఇచ్చేవారు, చేను చుట్టూ ఐదు వరసలు వెయ్యమని. మావాళ్ళు చాలామంది వెయ్యలేదు. పురుగుకు మేత ఎవడు పెడతాడు? నిజానికి ఆ మేతలోనే కిటుకు ఉంది. నాన్ బీటీ వరసల్లో బొట్టు లేని పురుగులు బతికి, బొట్టున్న వాటితో జత కడతాయి. తట్టుకునే గుణం అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే పురుగు బీటీని నెగ్గగలదు, ఒకరి నుంచి వస్తే చాలదు. అలా పుట్టిన పిల్లలు మళ్ళీ బీటీకి చస్తాయి. తొమ్మిదో తరగతిలోనే మెండెల్ బఠానీలు చదివి ఉన్నారు కాబట్టి గళ్ళు గీసి చూపిస్తే పట్టుకున్నారు. ఇప్పుడు చాలా సంచుల్లో నాన్ బీటీ గింజలు కలిపే ఇస్తున్నారు.

మర్నాడు ముందు వరస అమ్మాయి అసలు ప్రశ్న వేసింది. "బొట్టు మనం పెట్టినం. పురుగులకు ఎవరు పెట్టిన్రు?" దీనికి నేను తయారుగా లేను. పుస్తకంలో జన్యువులో పడే మార్పుకు ఉత్పరివర్తనం అన్న మాట ఉంది, తెలుగులోనూ అదే మాట, రెండు చోట్లా సమానంగా అర్థం కాదు.

రెండు రోజులు ఆలోచించి ఒక పని చేశాను. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, తెలుగు లిపి రాదు. ఒక చీటీ మీద 'పత్తి కాయలో పురుగు' అని రాసి మొదటి బెంచీకి ఇచ్చాను. ఎవరికి వాళ్ళు తమ ముందువాడి చీటీ మాత్రమే చూసి బొమ్మలా దించాలి, పావు నిమిషం టైము. ఏడో చీటీ దగ్గర ఒత్తు పోయి 'పతి కాయలో పురుగు' అయింది. చదివి చెబితే ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఇరవయ్యో చీటీకి ఒక కొమ్ము పోయి 'పతి కాయలో పరుగు'. చివరి చీటీలో సగం అక్షరాలు అక్షరాలే కావు. ఎవరూ కావాలని మార్చలేదు. అవసరం వచ్చి మార్చలేదు. దించుతుంటే తప్పు పడింది, పడ్డ తప్పు వెనకవాళ్ళందరికీ పోయింది. ఎక్కువ తప్పులు ఎందుకూ పనికిరావు, ఒక్కోటి మాత్రం ఇంకో అర్థమున్న మాట అవుతుంది. ఆ చీటీలు వరసగా ఒక దారానికి గుచ్చి క్లాసులో కట్టాను, పరీక్షల దాకా అలాగే వేలాడాయి.

మందు పడకముందే తప్పు ఉంటుందని నేను చెబితే నమ్మాలా? పెద్ద పిల్లలకు ఈ అనుమానం రావాలి కూడా. శాస్త్రవేత్తలు దీన్ని బాక్టీరియా మీద తేల్చారు. 1943లో లూరియా, డెల్‌బ్రక్ లెక్కలతో చూపించారు. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఇంకా సులువుగా, మఖమల్ గుడ్డను ముద్రలా వాడి చూపించారు. ఒక పళ్ళెంలో పెరిగిన బాక్టీరియా గుంపుల మీద గుడ్డ అద్ది, మందు ఉన్న పళ్ళేల మీద అదే వరసలో దించారు. మందున్న పళ్ళేలన్నిట్లోనూ బతికిన గుంపులు ఒకే చోట వచ్చాయి. మందు చూడని అసలు పళ్ళెంలో ఆ చోటుకు వెళ్ళి చూస్తే, అక్కడివి ముందే మందును తట్టుకునేవి. గుడ్డకు బదులు ఇంకు ప్యాడు, వేలిముద్రలతో ఇదే చేసి చూపించాను. ఈ ఒక్క ప్రయోగం పుస్తకంలో ఉంటే ఎంత బాగుండును.

తరవాత నేను చేసిన తప్పు రాయాలి. మా జిల్లాలో మలేరియా ఉంది, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా ఉంది. ప్రకృతి ఎంపికకు మనుషుల్లో ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్. అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే జబ్బు, ఒక్కరి నుంచే వస్తే మామూలుగానే ఉంటారు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్ళకు కొంత రక్షణ. 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఇది చూపించాడు. మలేరియా ఉన్నచోట ఆ అక్షరం ఎందుకు పోకుండా నిలబడిందో దీంతో తెలుస్తుంది. ఉత్సాహంలో ఉండి, "ఎవరింట్ల సికిల్ సెల్ కార్డు ఉంది?" అని అడిగేశాను. ఒక చెయ్యి లేచింది. అందరూ అటు తిరిగారు. చెయ్యి మెల్లగా దిగిపోయింది.

ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చి, "మా పిల్లకు రేపు సంబంధం ఎట్లొస్తది సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, తప్పయిందమ్మా అన్నాను. పిల్ల తిరిగి వచ్చింది, పాఠం గురించి నాతో మాట్లాడటానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఈ పాఠం చెప్పే టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఉదాహరణ వదలొద్దు, కానీ కల్పించిన కుటుంబంతోనే చెప్పండి, క్లాసులో చేతులు ఎత్తించకండి.

శిలాజాల యాత్ర కూడా చేశాం. మా పక్కనే వడధం ఫాసిల్ పార్కు ఉంది, రాయిగా మారిన చెట్ల మానులు చూడొచ్చు. ప్రాణహిత ఒడ్డున కోట ఊరు ఉంది, జురాసిక్ కాలపు కోట రాతిపొరలకు ఆ ఊరి పేరే. అరవైల్లో ఇక్కడి పోచంపల్లి దగ్గర, చీరల పోచంపల్లి కాదు, ఒక భారీ డైనోసార్ ఎముకలు దొరికాయి. బారాపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు, రెండో మాట రవీంద్రనాథ్ ఠాగూర్ కోసం. దాని అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తమ ఊరి పక్క జంతువు పేరు ప్రపంచమంతా చదువుతుందంటే పిల్లల కళ్ళు మెరిశాయి. టెంపో కిరాయి, టిఫిన్లు, ఒక రోజంతా ఖర్చు. తిరుగు దారిలో ఏం తెలుసుకున్నారని అడిగితే, "డైనోసార్లు చిన్నగయి చిన్నగయి తొండలైనయి సార్" అన్నారు. కోడిని చూపించి, డైనోసార్ల చుట్టం తొండకన్నా ఇదే దగ్గర అంటే నమ్మలేదు. నిజం చెప్పాలంటే ప్రకృతి ఎంపిక అర్థం కావడానికి ఆ యాత్ర దాదాపు ఏమీ చెయ్యలేదు, చింతగింజలు చేసిన దాంట్లో పదో వంతు కూడా. యాత్ర మానెయ్యమనను. కాలం ఎంత పొడవో తెలుస్తుంది, అది వేరే పాఠం.

కోతులు ఇంకా ఎందుకున్నాయని ఏటా వచ్చే ప్రశ్న వచ్చింది. మీ పెదబాపు పిల్లల్లోంచి నువ్వు పుట్టలేదు కదా, ఇద్దరికీ తాత ఒకడే అంటే సరిపోయింది. దేవుడి ప్రశ్న కూడా వచ్చింది. అది మీ ఇంట్లో, గుడిలో, చర్చిలో అడగండి, ఇక్కడ పురుగు లెక్క చూద్దాం అన్నాను. దాని మీద ఎవరూ పట్టుబట్టలేదు.

రెండు నెలల తరవాత, డిసెంబరులో, అదే ప్రశ్న మార్చి ఇచ్చాను. ఈసారి పత్తి లేదు, దోమలు, దోమల మందు. 33 మంది రాశారు. పంతొమ్మిదిమంది ముందే తట్టుకునే దోమలు కొన్ని ఉంటాయని, మిగతావి చస్తే అవి పెరుగుతాయని రాశారు. ఐదుగురు పాత అలవాటు మాటకే వెళ్ళారు. తొమ్మిదిమంది జవాబుల్లో రెండూ కలిసిపోయాయి: "కొన్ని దోమలకు ముందే శక్తి ఉంటది, తరవాత అన్నీ అలవాటు పడతయి." వీళ్ళ కాగితాల మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. విడిగా పిలిచి మాట్లాడితే, వీళ్ళలో ఎక్కువమంది పత్తి ఏరడానికి పోయి ఆట రోజు రానివాళ్ళే. నోట్సు చూసి నేర్చుకున్నారు.

చేను అబ్బాయి మాత్రం ఇంట్లో వాదన పెట్టుకున్నాడట. రాత్రి అన్నం దగ్గర బాపు అలవాటు మాట ఎత్తగానే, "అలవాటు కాదే బాపు, తట్టుకునేయే మిగిలినయి" అన్నాడట. "పేరు మార్చి అదే చెప్పవడ్తివి" అని బాపు కొట్టిపారేశాడు. వీడు వదలకుండా పొయ్యి దగ్గర్నుంచి బొగ్గు తెచ్చి, చింతగింజలతో ఆట మొదలుపెట్టాడట. రెండో తరం దాకా చూసి, "గట్లయితే కిందటేడు ఆ చిన్న ప్యాకెట్ పారేసుడు తప్పేనా?" అని బాపు అడిగాడట. ఏం జవాబు చెప్పాలో వీడికి తెలియలేదు. ఒక్క చేనులో వేస్తే చాలదు, ఊరంతా వెయ్యాలి కదా సార్ అని నా దగ్గరికి వచ్చాడు. అది నిజమే అన్నాను.

విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు. ఈ ఏడు ఆట ముందు, పుస్తకం తరవాత. గింజలకు బొట్లు పెట్టించేది తొమ్మిదో తరగతి వాళ్ళ చేత, మందు అన్న మాట ఇంకా వినకముందే. పత్తి ఏరడానికి పోయేవాళ్ళ కోసం ఆట రెండుసార్లు, ఒకటి ఆదివారం. సున్నం వద్దు. సిరొంచ బజారులో ఎర్ర గోళ్ళరంగు సీసాలు నాలుగు కొన్నాను. దుకాణం ఆవిడ ఎవరికి సార్ అని అడిగితే పురుగులకు అన్నాను.